నిశ్శబ్దంగా పనిచేసే కంప్యూటర్

కంప్యూటర్ చేసే పనిలో శబ్దానికి తావు లేదు. అది సంఖ్యలను కూడుతుంది, అక్షరాలను అమరుస్తుంది, చిత్రాలను తెరపైకి తెస్తుంది. ఇవన్నీ సిలికాన్ ఫలకంలో ఎలక్ట్రాన్ల కదలిక వలన, చెవికి ఏమీ వినబడకుండా జరిగిపోయే పనులు. అయినా మీట నొక్కిన మరుక్షణం బల్లకింద ఉన్న పెట్టె హోరుమంటుంది. ఆ హోరు గణనది కాదు. గణన వలన పుట్టిన వేడిని బయటికి తోలే ఫ్యాన్లది. కంప్యూటర్ గ్రహించిన విద్యుచ్ఛక్తి దాదాపు అంతా చివరకు వేడిగానే మారుతుంది. 150 వాట్లు వాడుకొనే కంప్యూటర్, గదిని వేడిచేసే విషయంలో 150 వాట్ల హీటరుతో సమానం. కనుక శబ్దాన్ని తగ్గించాలనుకొనేవారు ముందుగా వేడిని గురించి ఆలోచించాలి. ఈ సంగతిని గుర్తించనివారు ఖరీదైన ఫ్యాన్లు కొని, పెట్టె లోపల స్పాంజి అంటించి, అయినా హోరు తగ్గలేదని నిరాశపడుతుంటారు.

ఇంత శ్రమ ఎందుకని కొందరు అడగవచ్చు. పైన సీలింగు ఫ్యాను తిరుగుతూ, కిటికీలోంచి వీధి రొద వినబడుతూ ఉండే ఇంట్లో కంప్యూటర్ శబ్దం ఎవరికీ పట్టదు. కాని చూపులేని విద్యార్థుల కోసం పాఠ్యపుస్తకాలను బిగ్గరగా చదివి, ధ్వనిముద్రణ చేసి ఇచ్చేవారి సంగతి వేరు. వారికి స్టూడియో ఉండదు. ఇంట్లోని ఒక గది, ఒక మైకు, ఒక కంప్యూటర్ ఉంటాయి. కిటికీలు మూసి, సీలింగు ఫ్యానును ఆపి కూర్చుంటారు. అప్పుడు గదిలో మిగిలే శబ్దం కంప్యూటర్‌దే. తెలుగులో ‘స’, ‘శ’, ‘ష’ వంటి ఊష్మాక్షరాల ధ్వని గాలి ఒరిపిడి వలన పుడుతుంది. ఫ్యాను రెక్కల మీదుగా సాగే గాలి చేసే సుయ్‌మనే శబ్దం కూడా అటువంటిదే. ఒకదానిపై ఒకటి పడినప్పుడు అక్షరాల అంచులు అరిగిపోతాయి. సాఫ్ట్‌వేర్ సహాయంతో ఆ హోరును తొలగించవచ్చు. కాని దానితోపాటు శకార సకారాల పదును కూడా కొంత పోతుంది. వినేవారికి ఆ గొంతే పుస్తకం. వారు గంటల తరబడి చెవులకు ఇయర్‌ఫోన్లు పెట్టుకొని వింటారు. మనం ఇక్కడ చర్చించే యంత్రాన్ని అటువంటి గదికోసం నిర్మిస్తున్నామని అనుకొందాం.

శబ్ద తీవ్రతను డెసిబెళ్లలో కొలుస్తారు. టెలిఫోన్ ఆవిష్కర్త అలెగ్జాండర్ గ్రాహంబెల్ పేరుమీద వచ్చిన ప్రమాణం ఇది. ఈ కొలత మామూలు కూడికలకు లొంగదు. ఒకే తీవ్రత గల రెండు ఫ్యాన్లు కలిసి తిరిగితే శబ్దం రెట్టింపు డెసిబెళ్లు కాదు. 3 డెసిబెళ్లు మాత్రమే పెరుగుతుంది. 10 డెసిబెళ్లు పెరిగినప్పుడు మన చెవికి శబ్దం సుమారు రెండింతలైనట్లు తోస్తుంది. మీటరు దూరంలో మామూలు సంభాషణ 60 డెసిబెళ్ల ప్రాంతంలోను, గుసగుస 30 ప్రాంతంలోను ఉంటాయి. ఇప్పుడొక చిన్న లెక్క చూద్దాం. ఒక కంప్యూటర్‌లో ఒక ఫ్యాను 40 డెసిబెళ్లు, మరొకటి 30 డెసిబెళ్లు శబ్దం చేస్తున్నాయి. రెండూ కలిసినప్పుడు వచ్చేది 40.4 డెసిబెళ్లు. రెండవ ఫ్యానును పూర్తిగా పీకి పారవేసినా తగ్గేది 0.4 మాత్రమే, ఆ తేడా ఎవరి చెవికీ తెలియదు. పెద్ద దొంగను వదిలి చిన్న దొంగను పట్టుకొంటే ప్రయోజనం లేదన్నమాట. అందువలన మొదట చేయవలసిన పని, అన్నింటికంటె ఎక్కువగా అరుస్తున్న భాగం ఏదో కనిపెట్టడం. దీనికి పరికరాలు అక్కరలేదు. దళసరి కాగితాన్ని గొట్టంలా చుట్టి, ఒక కొసను చెవివద్ద, మరొక కొసను ఒక్కొక్క భాగానికి ఎదురుగా ఉంచి వింటే చాలు.

ఫ్యాను లేకుండానే కంప్యూటర్‌ను నడపాలన్న కోరిక పాతదే. 1977లో వచ్చిన ఆపిల్ టూ కంప్యూటర్‌లో ఫ్యాను లేదు. ధ్యానానికి భంగం కలిగించే వస్తువుగా ఫ్యానును భావించిన స్టీవ్ జాబ్స్ పట్టుదల దీని వెనుక ఉంది. రాడ్ హోల్ట్ అనే ఇంజనీరు తక్కువ వేడి పుట్టించే స్విచింగ్ విద్యుత్ సరఫరా పరికరాన్ని రూపొందించడం వలన అది సాధ్యపడింది. ఇక్కడ గమనించవలసింది, వేడి తగ్గిన తరువాతనే ఫ్యాను పోయిందన్న విషయం. 1980లో వచ్చిన ఆపిల్ త్రీలోను ఫ్యాను పెట్టలేదు. కాని అందులో వేడి ఎక్కువ. లోపలి చిప్పులు వేడికి తమ గూళ్ల నుంచి కదిలిపోయి యంత్రాలు మొరాయించాయి. కోరిక ఒక్కటే, ఒకచోట వేడి తగ్గింది, మరొకచోట తగ్గలేదు. తరువాతి కాలంలో ప్రాసెసర్ల వేగంతోపాటు వేడి కూడా పెరుగుతూ వచ్చింది. 2004లో ఇంటెల్ విడుదల చేసిన ప్రెస్కాట్ తరగతి పెంటియం ఫోర్ ప్రాసెసర్లలో కొన్నింటికి 115 వాట్ల ఉష్ణాన్ని తొలగించే ఏర్పాటు అవసరమైంది. గోరంత ఫలకం నుంచి అంత వేడిని లాగవలసి వచ్చేసరికి ఫ్యాన్లు గొంతు పెంచాయి.

వేడికీ గాలికీ ఉన్న సంబంధం చాలా సూటిగా ఉంటుంది. 200 వాట్ల వేడిని మోసుకుపోవాలి, పెట్టెలోకి వచ్చిన గాలికంటె బయటికి పోయే గాలి 10 డిగ్రీలు మాత్రమే వేడెక్కాలి అనుకొంటే, సెకనుకు దాదాపు 17 లీటర్ల గాలి పెట్టెగుండా సాగాలి. వేడిని 100 వాట్లకు తగ్గిస్తే అందులో సగం గాలి చాలు. ఈ లెక్కలో బేరసారాలకు చోటు లేదు.

దీనికి మన వాతావరణాన్ని కూడా జోడించి చూడాలి. చాలా ప్రాసెసర్లు 95 నుంచి 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర తమ వేగాన్ని తామే తగ్గించుకొంటాయి. అవధి 95 డిగ్రీలనుకొందాం. 22 డిగ్రీలుండే చలిదేశపు గదిలో ప్రాసెసర్‌కూ గాలికీ మధ్య 73 డిగ్రీల వ్యత్యాసం లభిస్తుంది. రోహిణి కార్తెలో విజయవాడలోనో రామగుండంలోనో గది 40 డిగ్రీలకు చేరితే మిగిలే వ్యత్యాసం 55 డిగ్రీలే. వేడి ప్రవాహం ఈ వ్యత్యాసాన్ని అనుసరించి ఉంటుంది కాబట్టి, అదే హీట్‌సింక్, అదే ఫ్యాను, అదే వేగంతో ఇక్కడ నాలుగింట మూడువంతుల వేడిని మాత్రమే తొలగించగలవు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న సామెత పుట్టిన నేలమీద, చలిదేశాల వారి కొలతలను ఉన్నవి ఉన్నట్లు దించుకొంటే సరిపడదు. వారు ఫ్యాను దగ్గర మొదలుపెట్టవచ్చు. మనం వేడి పుట్టేచోటనే మొదలుపెట్టాలి.

కనుక భాగాలను ఎంచుకొనేటప్పుడే నిశ్శబ్దానికి పునాది పడుతుంది. ధ్వనిముద్రణకు, చదువుకు, రాతకోతలకు ప్రత్యేకమైన గ్రాఫిక్స్ కార్డు అవసరం లేదు. ప్రాసెసర్‌లోనే ఇమిడి ఉన్న గ్రాఫిక్స్ చాలు. ఈ ఒక్క నిర్ణయంతో కనీసం ఒక ఫ్యాను, చాలా వాట్ల వేడి తప్పిపోతాయి. ప్రాసెసర్ విషయంలో 65 వాట్ల తరగతిది ఎంచుకోవడం మంచిది. అయితే పెట్టెమీద ముద్రించిన ఆ అంకెను చూసి నిశ్చింతగా ఉండరాదు. ఈ తరగతి ప్రాసెసర్లలో చాలావరకు అవసరమైనప్పుడు అంతకుమించి శక్తిని తీసుకొంటాయి. మదర్‌బోర్డు అమరికలలో, అంటే బయోస్‌లో, దీనికి ఒక గరిష్ఠ పరిమితిని విధించవచ్చు. ప్రాసెసర్ తన వేగంలో చివరి కొద్దిశాతాన్ని సాధించడానికే విపరీతంగా శక్తిని ఖర్చుచేస్తుంది. అందువలన శక్తిని మూడోవంతు తగ్గించినా వేగం మూడోవంతు తగ్గదు.

వోల్టేజిని తగ్గించడం మరొక ఉపాయం. ట్రాన్సిస్టర్ల స్విచింగుకు ఖర్చయ్యే శక్తి, వోల్టేజి వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. వోల్టేజి 10 శాతం తగ్గితే ఆ శక్తి దాదాపు 19 శాతం తగ్గుతుంది. కాని ఈ పనిని చాలా చిన్న అడుగులతో చేయాలి. ప్రతి అడుగు తరువాత యంత్రాన్ని గంటసేపు బరువైన పనితో పరీక్షించాలి. అతిగా తగ్గిస్తే ప్రాసెసర్ తడబడి, చదువుతున్న పాఠం మధ్యలో యంత్రం ఆగిపోతుంది. గంటసేపు చదివిన గొంతు వృథా అవుతుంది.

విద్యుత్ సరఫరా పరికరాన్ని మన దుకాణాలలో ‘ఎస్ఎంపీఎస్’ అంటారు. సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో అడిగినా, జిల్లా కేంద్రంలోని చిన్న దుకాణంలో అడిగినా ఆ మాటే చెల్లుతుంది. పెట్టెతోపాటు ఉచితంగా వచ్చే ఎస్ఎంపీఎస్‌ను నమ్ముకోవడం మనవారికి ఉన్న పెద్ద దురలవాటు. కంప్యూటర్ భాగాలకు 150 వాట్లు అందించాలంటే, 80 శాతం సామర్థ్యం గల ఎస్ఎంపీఎస్ తనలోనే 37 వాట్లకు పైగా వేడిగా పోగొట్టుకొంటుంది. 90 శాతం సామర్థ్యం గలది 17 వాట్లలోపే పోగొట్టుకొంటుంది. 2004లో ప్రారంభమైన ‘80 ప్లస్’ గుర్తింపు ఈ సామర్థ్యాన్ని తెలుపుతుంది. అందులో గోల్డ్ శ్రేణిని ఎంచుకొంటే మంచిది. వేడి తక్కువైనప్పుడు కొన్ని నమూనాలలో ఫ్యాను అసలు తిరగదు. ఎస్ఎంపీఎస్‌ను మాత్రం ఇంట్లో ఎన్నడూ విప్పరాదు. ప్లగ్గు తీసివేసిన తరువాత కూడా దానిలోని కెపాసిటర్లు ప్రమాదకరమైన ఆవేశాన్ని నిలిపి ఉంచుకొంటాయి.

ప్రాసెసర్ మీద అమర్చే హీట్‌సింక్ పని, చిన్నచోట పుట్టిన వేడిని విశాలమైన వైశాల్యం మీదికి పరచడం. నేటి హీట్‌సింకులలో కనిపించే రాగి గొట్టాలను హీట్‌పైపులంటారు. వీటిని అమెరికాలోని లాస్ అలమాస్ ప్రయోగశాలలో 1963లో జార్జ్ గ్రోవర్ అభివృద్ధిచేశాడు. గొట్టంలో గాలిని తీసివేసి కొద్దిగా నీటిని ఉంచి మూసివేస్తారు. ఒత్తిడి తక్కువ కావడం చేత ఆ నీరు తక్కువ ఉష్ణోగ్రతకే ఆవిరవుతుంది. ఆవిరి చల్లని కొసకు పరుగెత్తి, అక్కడ తన వేడిని రేకులకు అప్పగించి, తిరిగి నీరుగా మారుతుంది. దీపపు వత్తి నూనెను పైకి లాగినట్లే, గొట్టం లోపలిగోడనున్న సన్నని రంధ్రాల పొర ఆ నీటిని మళ్లీ వేడిచోటుకు చేరుస్తుంది. ఇంత గొప్ప కార్యం జరుగుతున్నా కదిలే యంత్రభాగం ఒక్కటీ లేదు, శబ్దం లేదు. నాకు కంప్యూటర్ మొత్తంలో అన్నిటికంటె అందంగా తోచే భాగం ఇదే. ద్రవంతో చల్లబరచే ఏర్పాట్లు కూడా ఉన్నాయి గాని, వాటిలో పంపు శబ్దం ఉంటుంది; ఆ ద్రవాన్ని చల్లార్చడానికి మళ్లీ ఫ్యాన్లే కావాలి. మన యంత్రానికి అవి అనవసరం.

హీట్‌సింక్‌కూ ప్రాసెసర్‌కూ మధ్య రాసే థర్మల్ పేస్ట్, కంటికి కనబడని గాలి ఖాళీలను పూడ్చడానికి మాత్రమే. చాలా ప్రాసెసర్లకు కందిగింజంత చాలు. హీట్‌సింక్ అడుగున అంటించి ఉండే పలుచని ప్లాస్టిక్ పొరను తీయడం మరచిపోరాదు. దానిని అలాగే ఉంచి బిగించి, యంత్రం వేడెక్కుతున్నదని దుకాణదారుతో వాదించేవారు అరుదేమీ కాదు.

ఇక ఫ్యాన్ల సంగతి. ఫ్యాను వేగాన్ని సగానికి తగ్గిస్తే అది నెట్టే గాలి కూడా సగమవుతుంది. కాని దాని శబ్దం సుమారు 15 డెసిబెళ్లు పడిపోతుందని ఇంజనీర్లు పాటించే సూత్రం చెబుతుంది. అంటే పూర్తి వేగంతో తిరిగే ఒక ఫ్యానుకు బదులు, సగం వేగంతో తిరిగే అటువంటి రెండు ఫ్యాన్లను పక్కపక్కన పెడితే గాలి అంతే వస్తుంది. రెండింటి వలన 3 డెసిబెళ్లు పెరిగినా, మొత్తం మీద 12 డెసిబెళ్లు తగ్గుతాయి. నిశ్శబ్ద యంత్ర నిర్మాణంలోని కిటుకంతా ఈ వాక్యంలో ఉంది. అందుకే 80 మిల్లీమీటర్ల చిన్న ఫ్యాన్లను విడిచి, 120 లేదా 140 మిల్లీమీటర్ల ఫ్యాన్లను మందగతిలో నడపడం మేలు. అయితే దీనికొక మెలిక ఉంది. వేగం సగమైతే ఫ్యాను గాలిని నెట్టే ఒత్తిడి నాలుగోవంతుకు పడిపోతుంది. నెమ్మదిగా తిరిగే ఫ్యాను ఎదుట సన్నని జాలీ, చిక్కుపడిన వైర్లు, దుమ్ముపట్టిన వడపోత ఉంటే గాలి కదలదు.

కాబట్టి పెట్టె ఎంపికలో జాగ్రత్త అవసరం. మనం అలవాటుగా ‘సీపీయూ’ అని పిలుచుకొనే ఈ పెట్టెను వ్యాపారులు క్యాబినెట్ అంటారు. ముందుభాగం మొత్తం గాజుతోనో ప్లాస్టిక్‌తోనో మూసివేసిన క్యాబినెట్లు చూపులకు అందంగా ఉంటాయి. వాటిలో గాలి పక్కసందుల నుంచి కష్టం మీద దూరుతుంది. లోపల శబ్దాన్ని పీల్చే స్పాంజి పొరలున్న రకం, కీచుమనే హెచ్చు పౌనఃపున్యాలను కొంత తగ్గిస్తుంది గాని, బుయ్‌మనే మందరధ్వనిని ఆపలేదు. మన వాతావరణానికి ముందువైపు విశాలమైన జాలీ, దాని వెనుక కడగడానికి వీలైన దుమ్ము వడపోత ఉన్న క్యాబినెట్ తగినది. ముందువైపు రెండు ఫ్యాన్లు గాలిని లోపలికి, వెనుక ఒకటి బయటికి నెట్టేలా అమర్చితే చాలు. లోపలికి వచ్చే గాలి కొంచెం ఎక్కువగా ఉంటే, వడపోత లేని సందులనుంచి దుమ్ము చొరబడదు.

హార్డ్‌డిస్క్ ఉన్న యంత్రాలలో మరొక చిక్కు వస్తుంది. నిమిషానికి 7200 సార్లు తిరిగే పళ్లెం సెకనుకు 120 సార్లు తిరుగుతున్నట్లు లెక్క. ఆ ప్రకంపన రేకుపెట్టెకు సోకి, పెట్టెనుంచి బల్లకు పాకి, బల్ల మృదంగంలా మోగుతుంది. ఒకప్పుడు నిశ్శబ్ద ప్రియులు హార్డ్‌డిస్క్‌ను సాగే రబ్బరు తాళ్లతో ఉయ్యాలలాగా వేలాడదీసేవారు. కదిలే భాగాలు లేని ఎస్ఎస్‌డీలు అందుబాటులోకి వచ్చాక ఆ ఉయ్యాల అవసరం తీరింది. హార్డ్‌డిస్క్ ఉండితీరాలంటే దానిని బయటి పెట్టెలో ఉంచి, పాఠాల నకళ్లు దాచేటప్పుడు మాత్రమే తగిలించుకోవచ్చు.

భాగాలను బిగించేటప్పుడు ప్లగ్గును తప్పక తీసివేయాలి. చేతితో ముందుగా క్యాబినెట్ లోహాన్ని తాకి, ఒంటిమీది స్థిర విద్యుత్తును పోగొట్టుకోవాలి. వైర్లను మదర్‌బోర్డు వెనుకకు మళ్లించి కట్టాలి. ఫ్యాన్లకు ఇనుప మరలకు బదులు రబ్బరు మేకులు వాడితే ప్రకంపన రేకుకు సోకదు. గోడలోని ప్లగ్గుకు ఎర్తింగు సరిగా ఉన్నదో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించుకోవాలి. ఎర్తింగు లేకపోతే షాకు ప్రమాదం ఎలాగూ ఉంది. దానికితోడు, గది ఎంత నిశ్శబ్దంగా ఉన్నా ముద్రణలో సన్నని గుంయ్‌మనే ధ్వని చేరవచ్చు. ఇది చెవికి వినబడదు, మైకు తీగలో పుడుతుంది. చాలామంది దీనికి కూడా ఫ్యాన్లనే నిందిస్తారు.

యంత్రం సిద్ధమైన తరువాత దానిని శ్రుతి చేయడం మొదలవుతుంది. నేటి మదర్‌బోర్డులలో ఏ ఉష్ణోగ్రతకు ఫ్యాను ఎంత వేగంతో తిరగాలో మనమే నిర్ణయించవచ్చు. సాధారణంగా కంపెనీ అమరికలో, ప్రాసెసర్ వేడి క్షణకాలం పెరిగినా ఫ్యాను ఒక్కసారిగా లేచి, మరుక్షణం తగ్గుతుంది. ఎడతెగని మంద్రధ్వనిని మనసు మరచిపోతుంది గాని, ఇలా లేచి పడే ధ్వనిని మరచిపోలేదు. అందుచేత 60 డిగ్రీలు దాటేవరకు ఫ్యానును ఒకే మందగతిలో ఉంచి, అక్కడినుంచి క్రమంగా పెంచి, 90 డిగ్రీల దగ్గర మాత్రమే పూర్తివేగం ఇవ్వాలి. వేగం మారడానికి ముందు కొన్ని సెకన్ల ఆలస్యాన్ని కూడా నిర్దేశించాలి. నాలుగు తీగల ఫ్యాన్లకు వేగాన్ని తెలిపే సంకేతం సెకనుకు 25 వేల సార్లు వెలిగి ఆరుతుంది. మనిషి చెవి వినగల అవధి 20 వేలు కనుక, ఆ నియంత్రణ వలన శబ్దం పుట్టదు.

ఇక్కడ ‘శ్రుతి’ అన్న మాట ఉపమానం కోసం వాడినది కాదు. ఏడు రెక్కల ఫ్యాను నిమిషానికి 1000 సార్లు తిరిగితే, రెక్కల వలన సెకనుకు సుమారు 117 కంపనాల స్వరం పుడుతుంది. పక్కనున్న అటువంటి ఫ్యానే 1020 సార్లు తిరిగితే ఆ స్వరం 119 కంపనాలకు చేరుతుంది. ఈ రెండూ కలిసినప్పుడు సెకనుకు రెండు మూడుసార్లు ఉబ్బి తగ్గే ఊగిసలాట వినబడుతుంది. భౌతికశాస్త్రంలో విద్యార్థులు చదివే విస్పందనాలు ఇవే. తంబురా తీగలను కలిపే విద్వాంసుడు ఈ ఊగిసలాట మాయమయ్యేవరకు పూసను జరుపుతాడు. ఫ్యాన్లు మాత్రం అంత కచ్చితంగా ఒకే వేగంలో నిలవవు. కాబట్టి వాటిని కలపడానికి బదులు విడదీయడం సులభం. ఒకదానిని 800 వద్ద, మరొకదానిని 950 వద్ద ఉంచితే ఆ ఊపు వినబడదు. కొన్ని వేగాల వద్ద క్యాబినెట్ రేకే మోగుతుంది. వేగాన్ని కొద్దికొద్దిగా పెంచుతూ వింటే అది ఏ అంకె దగ్గరో తెలుస్తుంది. ఆ అంకెను తప్పించాలి.

ఈ శ్రుతిని ఏ కాలంలో చేశామన్నది కూడా ముఖ్యమే. మాఘమాసపు తెల్లవారుజామున చూసి, ‘ఎంత నిశ్శబ్దంగా ఉన్నదో’ అని సంబరపడితే మే నెలలో భంగపాటు తప్పదు. ఎండాకాలం మధ్యాహ్నం, కిటికీలు మూసిన గదిలో, సీలింగు ఫ్యాను ఆపి, అరగంటసేపు యంత్రానికి బరువైన పని అప్పగించి చూడాలి. అప్పుడు ప్రాసెసర్ 85 డిగ్రీలలోపు నిలబడితే మిగిలిన కాలమంతా నిశ్చింతగా ఉండవచ్చు. నిలబడకపోతే ఫ్యాను వేగాన్ని పెంచడానికి ముందు, ప్రాసెసర్ శక్తి పరిమితిని మరో 10 వాట్లు తగ్గించి చూడాలి. పాఠం చదివి ముద్రించడానికి ఆ వాట్ల అవసరం ఎలాగూ రాదు. మూడు నెలలకొకసారి వడపోతను కడిగి, హీట్‌సింక్ రేకులమధ్య పేరుకొన్న దుమ్మును మెత్తని కుంచెతో దులపాలి. ఊదుడు యంత్రం వాడితే, ఫ్యాను రెక్కలు ఆ గాలికి గిర్రున తిరగకుండా వేలితో పట్టుకోవాలి.

చివరిగా యంత్రానికి చోటు చూడాలి. బహిరంగ ప్రదేశంలో దూరం రెట్టింపైనప్పుడల్లా శబ్దం 6 డెసిబెళ్లు తగ్గుతుంది. గోడలున్న గదిలో తగ్గుదల అంత ఉండదు గాని, ఎంతో కొంత ఉంటుంది. అందుచేత క్యాబినెట్‌ను మైకు ఉన్న బల్లమీద కాక, బల్లకు ఆవలివైపు, నేలకు కొద్ది ఎత్తున, రబ్బరు కాళ్లున్న పీటమీద ఉంచాలి. వెనుక గోడకు జానెడు ఎడమైనా లేకపోతే వేడిగాలి తిరిగి లోపలికే వస్తుంది. మైకు వీపు కంప్యూటర్ వైపు ఉండాలి. ఇవన్నీ కుదిరాక, చదవడం మొదలుపెట్టే ముందు పది సెకన్లపాటు ఏమీ మాట్లాడకుండా ముద్రించి, ఇయర్‌ఫోన్లతో వినండి. అంతవరకు కంప్యూటర్ హోరు చాటున దాగిన శబ్దాలు ఒక్కొక్కటిగా బయటపడతాయి: వంటింట్లో ఫ్రిజ్, హాల్లో ఇన్వర్టరు, పాత ట్యూబులైటు చోకు, గోడ గడియారం. వీటిలో గడియారాన్ని పక్కగదికి మార్చడం అన్నింటికంటె సులభం.